అడుగు, అంగుళం

అక్క కాలు విరిగి పదమూడు వారాలైంది. విరిగిన ఎముక అతుక్కుని అయిదు వారాలైంది. అయినా అక్క గేటు దాటలేదు.

"ఎనభై మీటర్లు వెళ్లండి, కాసేపు కూర్చోండి, తిరిగి రండి. అంతకంటే నేనేమీ అడగను," అని ఈ నెల మొదట్లో చెప్పింది కట్టు విప్పిన డాక్టరమ్మ. "ఈ నెలలోనే మొదలుపెట్టాలి. లేకపోతే మడమ బిగుసుకుపోతుంది. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు." అక్క బుద్ధిమంతురాలిలా తలూపింది. ఆ తలూపడం చూసి డాక్టరమ్మ మోసపోయింది గానీ చెల్లెలు మోసపోలేదు. నలభై ఏళ్లుగా ఆ తలను చూస్తున్న మనిషి. మారుమాట లేకుండా అక్క దేనికైనా ఒప్పుకుందంటే ఆ పని జరగదని అర్థం.

ఆ రోజు నుంచీ సాకులకు కరువు లేదు. ఒకరోజు ఎండ, ఒకరోజు మబ్బు. ఒకరోజు చెప్పు వదులు, మర్నాడు అదే చెప్పు బిగువు. ఇంట్లో మాత్రం కర్ర పట్టుకుని వంటింటికీ కిటికీకీ మధ్య చక్కగా తిరుగుతుంది. గేటు దగ్గరకు వచ్చేసరికి ముఖం పాలిపోతుంది. భయమని చచ్చినా ఒప్పుకోదు. నెలలో ఇంకా పదకొండు రోజులు మిగిలాయి.

చెల్లెలు దర్జీ. ఇంటికి వీధివైపు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో ఆమె కుట్టుమిషను, పక్కదాంట్లో బావ తాళాల కొట్టు. బావ ఊళ్లో అందరి తాళాలూ తెరుస్తాడు, తన నోటికి వేసుకున్న తాళం మాత్రం తెరవడు. మరదలికి 'అంగుళం' అని పేరు పెట్టింది ఆయనే. చొక్కా భుజం అర అంగుళం తేడాగా ఉందని పెళ్లికొడుకును పెళ్లిరోజునే నిలబెట్టి, చొక్కా విప్పించి, మళ్లీ కుట్టి తొడిగించిన ఘనురాలు ఆమె. ఆ పేరు వీధంతా పాకింది. ఇప్పుడు కరెంటు రీడింగు తీసే మనిషి కూడా "అంగుళంగారూ" అని మర్యాదగా పిలుస్తున్నాడు.

బావకూ మరదలికీ ఒకటే పిచ్చి. దాని పేరు జియోకాషింగ్. ఒకరు ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఆట సైట్లో పెడతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతికి, దొరికితే లోపలి కాగితం మీద సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి వచ్చేస్తారు. నిధీ ఉండదు, బహుమతీ ఉండదు. "పెద్దవాళ్ల దాగుడుమూతలకు ఉపగ్రహాలు కూడా కావలసొచ్చాయి," అని అక్క కనీసం ముప్పైసార్లు అని ఉంటుంది. బావ దాచడంలో దిట్ట, అంగుళం వెతకడంలో దిట్ట. మూడు వందల డబ్బాలు వెతికి పట్టుకుంది, ఒక్కదానికీ ఎవరినీ సాయం అడగలేదు. ఆ సంగతి తానుగా ఎవరికీ చెప్పదు, ఎవరైనా వింటుంటే తప్ప.

ఇప్పుడామె మొదటిసారి డబ్బా దాచాలనుకుంది. అదీ అక్క కోసం. అక్కకు ఆటంటే లెక్కలేదు గానీ, మూత వేసిన వస్తువంటే కుదురుండదు. పక్కింటివాళ్ల పార్సిలు పొరపాటున ఇంటికొస్తే, వాళ్లు తీసుకెళ్లేదాకా దాని చుట్టూ తిరుగుతూ, ఊపి చూస్తూ, వాసన చూస్తూ ఉంటుంది. అలాంటి మనిషికి కిటికీలోంచి చూస్తే కనిపించేంత దూరంలో ఒక డబ్బా పెట్టి, 'దీన్ని ఇంతవరకూ ఎవరూ తెరవలేదు' అని చెబితే ఎన్నాళ్లు ఆగుతుంది? చోటు కూడా కుదిరింది. పోస్టాఫీసు కంచె పక్కన రాతి బల్ల. గేటు నుంచి ఎనభై మీటర్లు. వెళ్లగానే కూర్చోవచ్చు.

అయితే ఆటకు ఒక కఠినమైన నియమం ఉంది. ఏ రెండు డబ్బాల మధ్యా నూట అరవై ఒక్క మీటర్లకు తక్కువ ఉండకూడదు. నియమమంటే, కొలతంటే అంగుళానికి పండగే. చొక్కాలకు నమూనాలు కత్తిరించే గోధుమరంగు కాగితం పరిచి, వీధులన్నీ గీసింది. సెంటీమీటరుకు పది మీటర్లు. అప్పటికే ఉన్న డబ్బాల మీద గుండుసూదులు గుచ్చి, దారం కట్టి, పదహారుంబావు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా సుద్దతో గుండ్రాలు చుట్టింది. గొడుగు గౌనుకు నడుము గీసే చెయ్యి, గుండ్రం తప్పుతుందా? గ్రంథాలయం వెనక డబ్బాకు ఒక గుండ్రం, వంతెన కమ్మీకి ఒకటి, బడి గోడకు ఒకటి. మూడింటి మధ్యా సన్నని ఖాళీ ముక్క మిగిలింది. అందులో దర్జాగా రాతి బల్ల ఉంది. ఆమెకు ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది.

వెంటనే సైటుకు పంపింది. కొత్త డబ్బాలను పరిశీలించి ఒప్పుకోవడానికి ఒక రివ్యూయర్ ఉంటాడు. మర్నాడు ఆయన జవాబు వచ్చింది: "మీరు ఎంచుకున్న చోటు మరో డబ్బాకు మరీ దగ్గరగా ఉంది. అది పటంలో కనిపించదు. ఎవరిదో, ఎక్కడో నేను చెప్పకూడదు."

అంగుళం నెత్తి కొట్టుకుంది. ప్రశ్నార్థకం గుర్తున్న డబ్బాలు కొన్ని ఉంటాయి. వాటికి పటంలో చూపే చోటు ఉత్తుత్తిది. పొడుపుకథలాంటిది విప్పితే గానీ అసలు చోటు తెలియదు. ఈ చుట్టుపక్కల అలాంటిది ఒక్కటే ఉంది. నాలుగేళ్లుగా ఎవరికీ దొరకని ఆ డబ్బా ఎవరిదో కాదు, గోడకు అవతల కూర్చుని తాళంచెవి ఆకురాయితో రుద్దుతున్న బావది!

ఆ డబ్బా పేజీలో బావ రాసింది మూడే వాక్యాలు. 'మా గేటు దగ్గర మొదలుపెట్టు. నూట నలభై అడుగులు వెయ్యి. ఆపైన అడుగు.' దీన్ని పట్టుకుని ఎంతమంది ఎన్ని పాట్లు పడ్డారో లెక్కలేదు. ఒకాయన నూట నలభై పూర్తయ్యాక ఇంకో వెయ్యి వేసుకుంటూ పోయి, ఊరవతల టైర్ల కొట్టు దగ్గర తేలాడు. ఇంకొకావిడ 'అడుగు' అంటే అడుగుభాగమనుకుని, దారిలో ఉన్న బల్లలన్నిటి కిందా చెయ్యి పెట్టి తడిమి, ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్ముతో ఇంటికి పోయింది. బావ ఇవన్నీ కొట్టులో కూర్చుని చూస్తూ, లోపల్లోపల నవ్వుకుంటూ ఉండేవాడు.

అంగుళం పక్క గదిలోకి వెళ్లి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"బావా, నా డబ్బా మీ డబ్బాకు అడ్డం వస్తోందట."

"అయ్యో పాపం," అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

"ఎంత జరపమంటారు?"

బావ ఆకురాయి ఆపాడు. ఆమెకేసి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నట్టనిపించింది. చివరికి, "అడుగు, అంగుళం," అన్నాడు.

"అంతేనా?"

"అంతే. అడుగు, అంగుళం."

ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. చోటును సరిగ్గా పదమూడు అంగుళాలు జరిపి, ఆ సంగతి వివరంగా రాసి, రివ్యూయర్‌కు మళ్లీ పంపింది. రివ్యూయర్ ఎక్కడివాడో గానీ వ్యంగ్యం తెలిసినవాడే. "ముప్పై మూడు సెంటీమీటర్లు జరిపినందుకు ధన్యవాదాలు. ఆ తేడా మన అంకెల్లో కనిపించదు కూడా. డబ్బా ఇంకా దగ్గరే ఉంది," అని జవాబిచ్చాడు.

దాంతో అంగుళానికి రోషం వచ్చింది. బావ పొడుపుకథ విప్పి, ఆ డబ్బా ఎక్కడుందో తేల్చి, దాన్నుంచి నూట అరవై ఒకటి కొలిచి, తన డబ్బాకు తానే చోటు చూసుకోవాలనుకుంది. టేపు మెళ్లో వేసుకుని వీధిలోకి దిగింది. అరవై అంగుళాల టేపును గేటు దగ్గర్నుంచి ఇరవై ఎనిమిదిసార్లు పరిస్తే నూట నలభై అడుగులైంది. అక్కడ చెప్పుల కొట్టు పక్కగోడ ఉంది. ఆపైన బావ చెప్పిన అడుగూ అంగుళమూ కలిపి కొలిచింది. అదే గోడ, పక్క ఇటుక. ఇటుకను గోకింది, తట్టింది, చెవి ఆనించి విన్నది.

"ఆ గోడకు చొక్కా కుడుతున్నావా ఏమిటే?" అని కిటికీలోంచి అరిచింది అక్క.

"అవును, చేతుల కొలత దొరకడం లేదు!" అని ఇటునుంచి అరిచింది చెల్లెలు.

మర్నాడు కొలతలు మానేసి తన కాళ్లతో నూట నలభై అడుగులు నడిచింది. బస్టాపు వచ్చింది. అక్కడ వెతుకుతుంటే బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి జాలిపడి, ఏం పోయిందమ్మా అని తానూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. అలా అయిదు రోజులు గడిచాయి. కుట్టాల్సిన చొక్కాలు గుట్టపడ్డాయి. అక్క కొత్త సాకు చెప్పింది, గాలి ఎక్కువగా ఉందట. ఆ సాకు విన్నప్పుడు చెల్లెలికి నవ్వు రాలేదు. అక్క ఇక ఎప్పటికీ ఆ కిటికీ దగ్గరే ఉండిపోతుందేమోనని మొదటిసారి నిజంగా భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పరధ్యానంగా కూర గిన్నెకేసి చూస్తూ కూర్చుంది. గిన్నె అక్క పక్కన ఉంది.

"ఏం కావాలో నోరు తెరిచి అడుగు," అంది అక్క విసుగ్గా. "అలా చూస్తూ కూర్చుంటే గిన్నె నడిచొస్తుందా?"

అంగుళం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అడుగు. కొలిచే అడుగు కాదు, వేసే అడుగూ కాదు. అడగడం! 'నూట నలభై అడుగులు వెయ్యి. ఆపైన అడుగు.' మరి ఆ రోజు బావ తనతో అన్నది? 'అడుగు, అంగుళం' అన్నాడు. అడగవే అంగుళమా అని, మొహం మీదే, రెండుసార్లు చెప్పాడు. తాను వెళ్లి పదమూడు అంగుళాలు కొలుచుకొచ్చింది! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. చెయ్యి కడుక్కుని తిన్నగా కొట్టులోకి వెళ్లింది.

"బావా, మీ డబ్బా ఎక్కడ పెట్టారు?"

బావ ముఖం వెలిగింది. "నాలుగేళ్లు! ఊరు ఊరంతా తిరిగారు, తవ్వారు, కొలిచారు. నన్నడిగిన నాథుడు లేడు. ఆటలో అడగడమంటే అందరికీ నామోషీ. మీ అక్కకు మాత్రం అయిదు నిమిషాలు పట్టింది."

"అక్కకా?"

బావ ముఖంలో వెలుగు అలాగే తగ్గిపోయింది. ఆకురాయిని గుడ్డతో తుడిచాడు. తుడవాల్సినంత మురికి దానిమీద లేదు. "అవి మీ అక్క అడుగులు," అన్నాడు. "ఆవిడ చిన్నచిన్నగా వేస్తుందిగా. నూట నలభై వేస్తే రాతి బల్ల. దాని వెనక కంచెకు పెద్ద పాత తాళం వేలాడుతుంటుంది, లోపలంతా బోలు. చెవి అక్కర్లేదు, కింద పట్టి లాగితే ఊడొస్తుంది. నువ్వెళ్లి చూడు. నేను రాను."

రాతి బల్ల! తాను దాచాలనుకున్న చోటే. ఇన్నాళ్లూ వీధంతా తిరిగిందే గానీ, అక్కడ డబ్బా ఉండొచ్చన్న ఊహే ఆమెకు రాలేదు.

తాళం అక్కడే ఉంది. ఎన్నోసార్లు చూసిన తాళమే, పోస్టాఫీసువాళ్లదనుకుంది. లాగితే లోపలి నుంచి చుట్టిన కాగితం వచ్చింది. మొదటి పంక్తిలో అక్క చేతిరాత చూసి ఆమె బల్ల మీద కూలబడింది. 'ఎక్కడ పెట్టారని అడిగాను. చెప్పారు. ఇంత సులువైన ఆటకు మీవాళ్లంతా ఎందుకింత ఆయాసపడతారో.' దాని కింద బావ రాత: 'అందరూ నీ అంత తెలివైనవాళ్లు కారు మరి.' ఆ తర్వాత ప్రతి శుక్రవారం తేదీ వేసి అక్క ఒక మాట, బావ ఒక మాట. 'తాళం తుప్పు పడుతోంది, నూనె వెయ్యండి.' 'వేశాను, చెయ్యి అంటుకుందా?' 'అంటుకుంది, మీ మంచి చొక్కాకే తుడిచాను.' నాలుగేళ్ల సరసం అది. అతికించిన కాగితాలు చుట్టలు చుట్టలుగా వస్తూనే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రాలు అక్క పోస్టాఫీసు వైపు ఎందుకు వెళుతుందో ఇంట్లో తానెప్పుడూ అడగలేదు. ఉత్తరాలు వేస్తోందనుకుంది. ఎవరికని కూడా అడగలేదు.

చివరి తేదీకి పద్నాలుగు వారాలు. 'ఈ పెన్ను సరిగ్గా రాయడం లేదు. వచ్చేవారానికి మార్చండి.' ఆ రోజే తిరిగి వస్తూ అక్క మురుగుకాల్వ మూత మీద జారిపడింది. ఆ పంక్తి కింద బావ ఏమీ రాయలేదు. తాళంలో అడుగున ఒక చిన్న పెన్ను ఉంది. కొత్తది. ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు.

అంగుళం ఆ కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచీ చదివేసరికి అయిదు దాటింది. కళ్లు తుడుచుకుంది. కాగితం చుట్టి, పెన్ను ఎలా ఉందో అలాగే పెట్టి, తాళం బిగించి ఇంటికి వచ్చింది.

బావ ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. "నేనక్కడ పెట్టకపోతే ఆవిడ అటు వెళ్లేదే కాదు," అన్నాడు. ఆయన గొంతు అలా ఆమె ఎప్పుడూ వినలేదు. "తీసేద్దామని వెళ్లాను. చేతులు రాలేదు. పెన్ను పెట్టి వచ్చేశాను. ఇవాళ తీసేస్తాలే. నాది పోతే నీది ఒప్పుకుంటారు. అక్కడే పెట్టుకో."

"దాన్ని ముట్టుకున్నారంటే మిమ్మల్ని లోపల పెట్టి కొట్టుకు తాళం వేస్తాను," అంది మరదలు. "మీ తాళమే వేస్తాను, మీరే తీసుకోలేరు."

ఆమె తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్లింది. అక్క చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అక్కా, పెన్ను మార్చారు."

అక్క చేతులు ఆగాయి. తర్వాత, చిక్కుడుకాయకేసే చూస్తూ, "ఏ రంగు?" అంది.

"నాకేం తెలుసు? తొడుగు ఇంకా విప్పలేదు. నీ కోసమే అలా ఉంచినట్టున్నారు."

"పద్నాలుగు వారాల నుంచా?"

"పద్నాలుగు వారాల నుంచి."

అక్క ఇంకో రెండు కాయలు ఒలిచింది. ఒలిచిన గింజలు తొక్కల్లోనూ తొక్కలు గింజల్లోనూ పడ్డాయి. చివరికి చేటను పక్కకు నెట్టి, "ఆ చెప్పులు ఇటు తగలెయ్యి," అంది.

గేటు దగ్గర అక్క ఆగిపోయింది. "నాకు భయంగా ఉందే," అంది. ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదటిసారి. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే బావ పనిముట్ల పెట్టె పట్టుకుని బయటికి వచ్చాడు.

"పోస్టాఫీసులో బీరువా తాళం పట్టేసిందట," అన్నాడు గాల్లోకి చూస్తూ.

"పోస్టాఫీసు అయిదింటికే మూసేస్తారు," అంది అక్క.

"అందుకే, తొందరేం లేదు. మెల్లగా నడుస్తాను," అన్నాడు బావ.

ముగ్గురూ బయలుదేరారు. అక్క పైకే లెక్కపెట్టింది. నూట నలభై అయ్యేసరికి చెప్పుల కొట్టును కాస్త దాటారంతే. మురుగుకాల్వ మూత దగ్గర అక్క నిలబడిపోయింది. బావ పెట్టె కింద పెట్టి, రెండోవైపు తన చెయ్యి అందించాడు. దాటారు. రాతి బల్ల దగ్గర కూర్చునేసరికి రెండు వందల పన్నెండు. అక్కకు చెమటలు పట్టాయి, కాలు లాగుతోంది. అయినా ముందు అడిగింది పెన్నే. తొడుగును పంటితో చింపింది. ఆకుపచ్చ.

కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని రాసి, బావకు అందించింది. అంగుళం ఆయన భుజం మీంచి చదివింది. 'పెన్ను బాగుంది. ఆలస్యానికి చింతిస్తున్నాను. అడుగులు నూట నలభై కాదు, రెండు వందల పన్నెండు. పేజీలో దిద్దండి.'

బావ పెన్ను తీసుకున్నాడు. ఆయన రాసిన అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. 'దిద్దను. నూట నలభైకి నువ్వే వస్తావు.'

అక్క అది చదివి, ముక్కు ఎగబీల్చి, అటు తిరిగింది. అటు చూస్తూనే, "నీ డబ్బా ఏమైందే? ఇక్కడ పెడదామనుకున్నావుగా," అంది చెల్లెలితో.

"ఇక్కడ వీల్లేదు. ఇక్కడ మీది ఉంది," అంది అంగుళం. "ఇక్కణ్ణుంచి కొలిచి మళ్లీ గుండ్రం గీస్తాను. ఆ చివర బేకరీ మెట్లు సరిపోతాయి."

"బేకరీ! అంత దూరమా? ఎంతుంటుంది?"

"నూట అరవై ఒక్క మీటర్లు. నియమం అక్కా, నేనేం చెయ్యను?"

"అంతేనా?" అన్నాడు బావ అమాయకంగా.

"ఆపైన," అంది మరదలు, ఆయన కళ్లలోకే చూస్తూ, "అడుగు, అంగుళం."

బావ నవ్విన నవ్వుకు కంచె మీద పిట్ట లేచిపోయింది. అక్కకు ఆ నవ్వెందుకో అర్థం కాలేదు, అడగనూ లేదు. ఆమె బేకరీ వైపే చూస్తోంది. నొప్పెడుతున్న మడమను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మూత గట్టిగా బిగించి పెట్టు," అంది. "ఇంకెవరికీ రాకూడదు. నేనొచ్చి తీస్తాను."